కాంటెస్సా: కోలారు గనుల సీమలో అమ్మకానికి వచ్చే పాత పెద్ద కారు

హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్లోని ఉత్తరపాడా కర్మాగారంలో 1984 నుంచి 2002 దాకా తయారుచేసిన నాలుగు తలుపుల సెలూన్ కారు కాంటెస్సా. మారుతి చిన్న కార్లు రోడ్లకెక్కుతున్న రోజుల్లో వచ్చింది. మిల్లు యజమానులు, పెద్ద వకీళ్ళు, కంపెనీ డైరెక్టర్లు, ఎన్నికల్లో నెగ్గినవాళ్ళు అంబాసిడర్ దిగి ఎక్కిన బండి అది. దాని తరం కార్లు ఇప్పుడు షెడ్లలోంచి ఒక్కొక్కటిగా బయటికొస్తున్నాయి. కర్ణాటకలో ఆంధ్ర, తమిళ సరిహద్దులు కలిసే కోలారు జిల్లాలో, ముఖ్యంగా కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ పట్టణంలో (అందరూ అనే మాట కేజీఎఫ్) అలాంటి బండి బాగున్న స్థితిలో బేరానికి వస్తే ఏం చూడాలి, దాని వెనక ఉన్న కథేమిటి అన్నది ఈ వ్యాసం విషయం.

కారుకు ముందు కారు కల

భారతీయ కారు కథలో కోలారు జిల్లాకు ఒక పాత వాటా ఉంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ముద్దేనహళ్ళి అప్పట్లో ఈ జిల్లాలోదే. 2007లో చిక్కబళ్ళాపురం వేరే జిల్లా అయ్యాక అటు వెళ్ళింది. ఇంటిపేరు చెబుతున్నట్టే ఆయన పూర్వీకులు గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండం వాళ్ళు. ఆనకట్టల ఇంజనీరుగానే ఆయన్ని తలుచుకుంటాం గానీ, 70 ఏళ్ళు దాటాక ఆయన పట్టుకున్న పని కార్ల కర్మాగారం. 1935లో ఐరోపా, అమెరికా తిరిగి అక్కడి కర్మాగారాలు చూసొచ్చి ఒక పథకం రాశారు. పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ దాన్ని భుజాన వేసుకున్నారు. మైసూరు సంస్థానం సాయంతో బెంగళూరులో పెడదామనుకున్నారు. బ్రిటిష్ ప్రభుత్వం మోకాలడ్డింది. చివరికి 1944లో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్‌గా అది మొదలైంది. బెంగళూరుకు 1940లో విమానాల కర్మాగారం దక్కింది, కార్లది దక్కలేదు.

బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ 1942లో గుజరాత్ తీరాన ఓఖా రేవులో పుట్టి, 1948లో ఉత్తరపాడాకు మారింది. విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్ముకునే పద్ధతి కుదరదని ప్రభుత్వం తేల్చేసరికి జనరల్ మోటార్స్, ఫోర్డ్ 1950ల నడుమ దేశం విడిచాయి. ఆ తర్వాత సుమారు మూడు దశాబ్దాలు కారు కొనేవాడికి మిగిలింది మూడు గడపలు: హిందుస్థాన్, ప్రీమియర్, మద్రాసులోని స్టాండర్డ్. 1957లో వచ్చిన అంబాసిడర్ 2014 దాకా నడిచింది. పెద్ద కారు కావాలన్నవాడికి ఈ మూడు గడపల దగ్గరా 1980ల దాకా సమాధానం లేదు.

ఇంగ్లండులో గుమాస్తా కారు, ఇక్కడ దొర కారు

కాంటెస్సా మూలం బ్రిటన్‌లో వాక్సాల్ కంపెనీ 1972లో తెచ్చిన విక్టర్ ఎఫ్ఈ. అక్కడది మధ్యతరగతి కుటుంబం కారు, కంపెనీల సేల్స్ ఉద్యోగులు తిరిగే కారు. 1978లో అక్కడ తయారీ ఆగాక దాని అచ్చులు, యంత్రాలు హిందుస్థాన్ మోటార్స్ కొంది. ఓడ దిగేసరికి బండి హోదా నాలుగు మెట్లు పెరిగింది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ నడుమ దూరం 2667 మిల్లీమీటర్లు, అంబాసిడర్ కంటే సుమారు 20 సెంటీమీటర్లు ఎక్కువ. మొత్తం పొడవు నాలుగున్నర మీటర్లు దాటుతుంది. ముందు ఇరువైపులా జంట గుండ్రటి దీపాలు, చదునైన పొడుగాటి బానెట్, నాలుగు సూట్‌కేసులు పట్టే డిక్కీ. అంబాసిడర్ వెనక పట్టీలుంటే దీనికి నాలుగు చక్రాలకూ కాయిల్ స్ప్రింగులే. వెనక సీట్లో కూర్చున్నవాడికి గుంత వచ్చిన సంగతి కాస్త ఆలస్యంగా, కాస్త మెత్తగా తెలుస్తుంది.

ఒళ్ళు పెద్దదే, గుండె మాత్రం పాతది. మొదటి కాంటెస్సాల్లో అంబాసిడర్ ఇంజనే పెట్టారు: 1489 సి.సి., సుమారు 50 గుర్రపు శక్తి. ఆ బరువును అది లాగలేక లాగేది. నలుగురెక్కి ఏసీ కూడా వేస్తే ముళబాగిలు దాటి ఆంధ్రలోకి దిగి, తిరుగు దారిలో మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు రెండో గేరులోకి దిగక తప్పేది కాదు. ఈ లోపం తీరింది 1980ల చివర్లో, జపాన్ కంపెనీ ఇసుజు ఇంజన్ వచ్చాక. 1817 సి.సి., 88 గుర్రపు శక్తి, ఐదు గేర్లు. పేరుకు క్లాసిక్ చేరింది. తర్వాత 2 లీటర్ల ఇసుజు డీజిల్, దానికి టర్బో కూడా వచ్చాయి. ఇప్పుడు బేరానికి వచ్చేవాటిలో కొనదగ్గది ఈ 1.8 పెట్రోలు బండే. 1.5 బండి మొదటి తరానిది కాబట్టి ముచ్చటపడి దాచుకోవచ్చు గానీ, నడిపి సంతోషించడం కష్టం. డీజిల్ బండి గట్టిదే. అయితే దాన్ని ఎవరెవరు ఎన్ని లక్షల కిలోమీటర్లు బాదారో ఆ దేవుడికే తెలియాలి.

తోటి బండ్ల గతి కూడా చెప్పుకోవాలి. మద్రాసు స్టాండర్డ్ కంపెనీ 1985లో స్టాండర్డ్ 2000 తెచ్చింది. దాని ఒళ్ళు బ్రిటన్ వాళ్ళు నిజంగానే పెద్ద ఉద్యోగుల కోసం చేసిన రోవర్ ఎస్‌డీ1 ది. 1977లో ఐరోపాలో ఆ ఏటి మేటి కారుగా ఎంపికైన బండి అది. దానిలో పాతకాలపు వాన్‌గార్డ్ ఇంజన్ బిగించి అమ్మబోయారు. ధర ఆకాశంలో, పికప్ నేలమీద. 1988కల్లా కంపెనీయే మూతపడింది. ఫియట్ 124 ఒళ్ళు, నిస్సాన్ ఇంజన్ కలిపిన ప్రీమియర్ 118 ఎన్‌ఈ నయమే, కానీ దానికి కాంటెస్సా హోదా లేదు. 1990లో మారుతి 1000, ఆ దశాబ్దం నడుమ నుంచి సియెలో, ఆస్ట్రా, హోండా సిటీ వరసగా రావడంతో లీటరుకు ఎనిమిదో తొమ్మిదో కిలోమీటర్లు ఇచ్చే కాంటెస్సాకు కాలం చెల్లింది.

గనుల పట్టణం, దాని షెడ్లు

కేజీఎఫ్‌లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ 1880లో అడుగుపెట్టింది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. 1956లో గనులు మైసూరు ప్రభుత్వం చేతికి, 1962లో కేంద్రం చేతికి పోయాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. ఇక లాభం లేదని 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. మరుసటి ఏడే ఉత్తరపాడాలో కాంటెస్సా తయారీ ఆగింది. రెంటికీ ఏ సంబంధమూ లేదు. రెండూ ఒకే రకం ఆర్థిక వ్యవస్థలో బతికి, అది మారగానే నిలవలేకపోయాయి, అంతే.

ఈ ఊరికి 1964లో స్థాపించిన బీఈఎంఎల్ రెండో ఆధారం. బుల్డోజర్లు, తవ్వకం యంత్రాలు చేసే దాని కర్మాగారాలు ఇక్కడ ఇంకా నడుస్తున్నాయి. అప్పట్లో ప్రభుత్వ రంగంలో అధికారికి కారంటే ఎక్కువగా అంబాసిడరే. ఆఫీసు కారు ఏళ్ళు నిండాక కండెమ్ చేసి వేలం వేస్తారు. అలా వేలంలో కొన్న పాత కారు ఎదురైతే దాని చరిత్ర కాగితం మీద ఉంటుంది, అది మంచి సంగతి. అయితే డ్రైవర్లు మారుతూ నడిపిన బండి అయ్యుంటుంది, అది అంత మంచి సంగతి కాదు.

ఇక్కడి గాలి కార్లకు మేలు చేసేదే. జిల్లా సముద్రమట్టానికి 800 మీటర్లకు పైన ఉన్న మెట్ట. ఏడాదికి కురిసే వాన సుమారు 750 మిల్లీమీటర్లు. ఉప్పుగాలి లేదు. అదే చెన్నై తీరంలో అంతే కాలం నిలిచిన బండికి డోర్ల అడుగులు, చక్రాల పైకమ్ములు తుప్పుపట్టి రాలుతుంటాయి. కేజీఎఫ్‌లో ఉన్న తిప్పలు వేరు. బంగారం తీయగా మిగిలిన మట్టి 13 దాకా దిబ్బలై ఊరి చుట్టూ ఉంది. జనం వాటిని సైనైడ్ దిబ్బలంటారు. గాలి వీస్తే ఆ సన్నపిండి లేచి ఊరంతా పరుచుకుంటుంది. అది డోరు అడుగున నీళ్ళు పోయే రంధ్రాల్లో చేరి గట్టిపడితే, కురిసే కాస్త వానా లోపలే నిలుస్తుంది. బయట రంగు మెరుస్తుంటే లోపల అడుగు తినేసి ఉంటుంది. ఈ ఊరి బండిని కొనేవాడు ముందు డోర్ల కింద వేలు పెట్టి ఆ రంధ్రాలు తడిమి చూడాలి. అవి తెరుచుకుని ఉంటే ఆ ఇంట్లో కారును పట్టించుకున్నవాళ్ళు ఉన్నారని లెక్క.

బాగున్న బండి అంటే

అమ్మేవాళ్ళు చెప్పే మాటలు ఎప్పుడూ ఒకటే: సింగిల్ ఓనర్, షోరూమ్ కండిషన్, షెడ్డులోంచి తీయలేదు. మూడోది విని సంతోషించకూడదు. షెడ్డులో పదేళ్ళు కదలని కారు కంటే వారానికోసారి కోలారు దాకా వెళ్ళొచ్చే కారు నూరుపాళ్ళు మేలు. కదలని బండిలో బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి, ట్యాంకులో పెట్రోలు జిగురవుతుంది, వాటర్ పంపు సీలు ఎండిపోతుంది, వైరింగును ఎలుకలు కొరుకుతాయి. సీటు కవరు కింద ప్లాస్టిక్ కాగితం ఇంకా ఉందని మురిసిపోయి కొని, రెండు నెలలు గ్యారేజీలో నిలబెట్టుకున్నవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు.

చూడ్డానికి పొద్దున్నే పోవాలి. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. వెచ్చగా ఉంటే మీరొచ్చేముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. ఆ బేరం అక్కడే సగం తగ్గించాలి. చల్లటి ఇంజన్ చోక్ లాగితే రెండు మూడు సెల్ఫులకు అందుకోవాలి. అందుకున్నాక ఆయిలు మూత తీసి చూడాలి. మూతలోంచి బుసబుసా గాలి, పొగ కొడితే దాన్నే మిస్త్రీలు బ్యాక్ కంప్రెషన్ అంటారు: రింగులు, బోరు అయిపోయాయి. మూత లోపల పాలమీగడలా తెల్లగా అంటుకుని ఉంటే నీళ్ళు ఆయిల్లో కలుస్తున్నాయి, హెడ్ గ్యాస్కెట్ పోయింది. సైలెన్సర్ నుంచి మొదటి నిమిషం నీలిపొగ వచ్చి ఆగితే వాల్వు సీళ్ళు. ఆగకపోతే పెద్ద ఖర్చే.

తర్వాత ఒళ్ళు. కాంటెస్సాకు వేరే ఛాసిస్ ఉండదు, బాడీయే మొత్తం బరువు మోస్తుంది. కాబట్టి తుప్పు అందం విషయం కాదు, ప్రాణం విషయం. ముందు సీటు దగ్గర కార్పెట్ ఎత్తి నేల చూడాలి. డిక్కీలో స్టెప్నీ తీసి దాని గుంత చూడాలి. ముందద్దం బీడింగు మూలల్లో రంగు ఉబ్బిందేమో చూడాలి. అక్కడ కారే నీళ్ళే డ్యాష్‌బోర్డు కింది రేకును తింటాయి. జేబులో చిన్న అయస్కాంతం ఒకటి గుడ్డలో చుట్టి తీసుకెళ్ళడం పాత పద్ధతే, ఇప్పటికీ అంతకు మించింది లేదు. రేకున్న చోట పట్టుకుంటుంది, పుట్టీ మందంగా ఉన్నచోట జారిపోతుంది. పూర్తిగా కొత్త రంగేసిన బండి కంటే అక్కడక్కడ వెలిసిన కంపెనీ రంగు ఉన్న బండికి ఎక్కువ ఇవ్వచ్చు. ఆ వెలిసిన రంగు కింద ఏం లేదో తెలుస్తుంది.

మీటరు చూపే కిలోమీటర్లను పట్టించుకోనక్కర్లేదు. క్లచ్, బ్రేకు పెడళ్ళ రబ్బర్లు, స్టీరింగు పైభాగం, డ్రైవరు సీటు కుడి అంచు అసలు లెక్క చెబుతాయి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది, మొదటి రెండు వారం, తర్వాతి రెండు ఏడాది. గాట్లు లోతుగానే ఉన్నా 2312 అని ఉంటే, ఆ టైరు 2012 జూన్ నాటిది, తీసి పారెయ్యాల్సిందే. చివరికి బంగారుపేట రోడ్డు మీద అరవై దాటించి యాక్సిలరేటర్ వదిలి వినాలి. వెనకనుంచి మూలుగు వస్తే వెనక ఇరుసులోని క్రౌను చక్రం అరిగింది. దానికి సరుకు దొరకబుచ్చుకోవడం ఇంజనుకంటే కష్టం.

విడిభాగాలు, పనివాళ్ళు

అదృష్టం ఏమిటంటే ఇసుజు ఇంజన్లనే, పెట్రోలైనా డీజిలైనా, హిందుస్థాన్ మోటార్స్ 1990ల్లో అంబాసిడర్‌కూ బిగించింది. టాక్సీలుగా అవి వేలల్లో తిరిగాయి కాబట్టి పిస్టన్లు, గ్యాస్కెట్లు, క్లచ్ ప్లేట్లు ఇంకా దొరుకుతున్నాయి. దొరకనివి కాంటెస్సాకు మాత్రమే ఉన్నవి: ముందద్దం, వెనక దీపాల అద్దాలు, క్రోమ్ పట్టీలు, డోరు బీడింగులు. ఇవి విరిగిన బండి ఎంత చవకగా వచ్చినా చవక కాదు. బెంగళూరు జేసీ రోడ్డు, చెన్నై పుదుప్పేట, హైదరాబాదు రాణీగంజ్ గాలించి తెచ్చుకోవాలి. కేజీఎఫ్ నుంచి బెంగళూరు 100 కిలోమీటర్లు. గనులు మూసినప్పటి నుంచి వేలమంది రోజూ రైలెక్కి అక్కడికి పనికి పోయి వస్తున్నారు. పార్టు తెప్పించుకోవడం వాళ్ళ చేతి సంచీలో పని.

పనితనానికి కొదవ లేని ఊరు ఇది. గని వర్క్‌షాపుల్లో, బీఈఎంఎల్‌లో ఫిట్టర్లుగా, టర్నర్లుగా బతికిన కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. కొనలేని బుష్షును లేతు మీద పెట్టి తిప్పి చేసుకోవడం వాళ్ళకు వింత కాదు. మాట కూడా మూడు భాషల కలగలుపు: తమిళంలో తిట్టి, తెలుగులో బేరమాడి, కన్నడంలో రసీదు రాసే షెడ్లు.

పెట్రోలు సంగతి మరవకూడదు. 1.5 బండి ఇంజన్ సీసం కలిసిన పెట్రోలు కాలానిది. దేశమంతటా 2000లో సీసం తీసేశారు. ఆ తర్వాత హెడ్డు పని చేయించి గట్టి వాల్వు సీట్లు వేయించారో లేదో అడగాలి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపినది. పాత రబ్బరు పైపులను, కార్బురేటర్ డయాఫ్రాలను అది మెత్తబరుస్తుంది. వాటిని మార్పించడం పెద్ద ఖర్చు కాదు, మార్పించకపోతే వేడి ఇంజను మీద పెట్రోలు కారుతుంది.

కాగితాలు

ఈ సీమలో బేరాలు చెడేది ఎక్కువగా ఇక్కడే. కోలారు రవాణా ఆఫీసు నంబరు కేఏ 07, కేజీఎఫ్‌ది కేఏ 08. సరిహద్దు పక్కనే కాబట్టి చిత్తూరు ఏపీ 03, కృష్ణగిరి టీఎన్ 24 బండ్లు కూడా ఇక్కడ తిరుగుతుంటాయి. పక్క రాష్ట్రపు బండి కొంటే అక్కడి ఆఫీసు నుంచి 28వ ఫారం మీద ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి. మామూలు అమ్మకానికి 29, 30 ఫారాలు. యజమాని పోయాక వారసుల పేరుకు మార్చాలంటే 31. ప్రభుత్వ వేలంలో కొన్నదైతే 32. తండ్రి పేరనే ఆర్సీ ఉంచి కొడుకులు బేరం పెట్టడం మామూలే. అప్పుడు ముందు 31, తర్వాతే మిగతావి. అన్నదమ్ములందరి సంతకాలూ చూశాకే డబ్బు చెయ్యి మారాలి. ఎప్పుడో తీరిపోయిన బ్యాంకు అప్పు ఆర్సీ మీద అలాగే నిలిచి, ఆ శాఖే విలీనమై పోయిన సందర్భాలూ తగులుతాయి. అప్పు తీరిందని చెప్పే 35వ ఫారం లేకుండా బండి మీ పేరుకు రాదు.

సొంత కారు ఆర్సీ 15 ఏళ్ళు. తర్వాత 25వ ఫారం పెట్టి, బండి చూపించి ఐదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ దాకా 600 రూపాయలున్న ఈ రుసుము ఆ నెల నుంచి 5,000 అయింది. 20 ఏళ్ళు దాటిన కార్లకు 2025లో దాన్ని 10,000 చేశారు. కాంటెస్సాలన్నీ ఇప్పుడు ఆ వరసలోనే ఉన్నాయి. ఇంజను మార్చిన బండ్లతో ఇంకో చిక్కు: 1.5 తీసి వేరే డీజిల్ ఇంజను వేయించుకున్నవి చాలా ఉన్నాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆ మార్పు ఆర్సీలో ఎక్కాలి. ఇంజను నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది తీసిన అచ్చు, ఆర్సీలో ఉన్న నంబరు ఒకటి కాకపోతే పొడిగింపు ఆగిపోతుంది. అచ్చు తియ్యడానికి రెండు నిమిషాలు చాలు, అడ్వాన్సు ఇవ్వకముందే తియ్యాలి.

విలువ, హోదా

పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య లెక్కలో 30 ఏళ్ళు నిండి, అసలు రూపంలో ఉన్న బండి చారిత్రకమైనదే. ఆ లెక్కన 1990ల నడుమ దాకా వచ్చిన కాంటెస్సాలు పనికొస్తాయి. మన చట్టానికి అంత తొందర లేదు. 2021లో వచ్చిన నిబంధనల్లో వింటేజ్ అనిపించుకోవడానికి 50 ఏళ్ళు నిండాలి, పెద్ద మార్పులేవీ ఉండకూడదు. 20,000 కడితే పదేళ్ళకు నమోదవుతుంది, నంబరులో వీఏ అన్న అక్షరాలొస్తాయి. అలా నమోదైన బండిని రోజువారీ తిరుగుడుకు వాడకూడదు. 1984లో ఉత్తరపాడా గేటు దాటిన మొట్టమొదటి కాంటెస్సాకు కూడా ఆ నంబరు 2034కు ముందు రాదు. ఆలోగా పాత కారు లెక్కలోనే ఎఫ్సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఆ లెక్కలోనే గ్రీన్ ట్యాక్స్.

ఇన్సూరెన్సులో మాత్రం కొంత వెసులుబాటు ఉంది. ఐదేళ్ళు దాటిన కారు విలువను కంపెనీ, యజమాని మాట్లాడుకుని కుదుర్చుకోవచ్చు. కొన్న ధర రసీదు, చేయించిన పనుల బిల్లులు, నాలుగు వైపులా తీసిన ఫొటోలు చూపించి ఆ అంకెను పాలసీలో రాయించుకోవాలి. లేకపోతే బండి దొంగల పాలైన రోజునో, ప్రమాదంలో పూర్తిగా పోయిన రోజునో పాలసీ ఉన్నా, పెట్టిన ఖర్చులో చాలావరకు జేబులోంచే పోతుంది.